ఎవ్వరి అద్దంల లేని మంగ్లీ

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, బోరింగు కాడికెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, పొయ్యి అంటుపెట్టినంక మంగ్లీ గడప మీద కూసొని రవిక మీది అద్దాలు తుడుచుకునేది. అద్దాల రవిక అంటే లంబాడోళ్ళ ఆడోళ్ళకు పండుగ బట్ట కాదు, దినాం తొడుక్కునేదే. వరి నాటేటప్పుడు, కట్టెలు కొట్టేటప్పుడు, సంతకు పోయేటప్పుడు అదే. దుమ్ము పడుతది, చెమట పడుతది. అందుకే తడిగుడ్డ పెట్టి ఒక్కొక్కటి రుద్దేది. ఖాళీ అద్దాలను జల్ది తుడిచేది, ముఖాలున్న అద్దాల దగ్గర మాత్రం జర ఆగేది.

లింగాల ఘనపూర్‌కు కోసెడు దూరంల ఉన్న ఆ తండాల ఆడోళ్ళకు ఎవరన్న మాటిస్తే, ఇచ్చినోళ్ళ ముఖం వాళ్ళ అద్దంల నిలబడేది. మాట నిలబెట్టుకున్న గడియకు పోయేది. దీంట్ల వింతేం లేదు, అందరికి తెలిసిందే. సంతల గాజులమ్మే చందూలాల్ "చిల్లర వచ్చే వారం ఇస్త అక్కా" అని పోయి, మళ్ళ వారం కనబడంగనే ముందుగాల అడిగేది అదే: "ఉన్ననా అక్కా ఇంకా?" ఉన్నవురా అంటే ఎనిమిదణాలు చేతుల పెట్టేటోడు, అద్దం తెల్లగయ్యేది, ఇద్దరు నవ్వుకునేది.

పక్క ఊరి పెద్ద ఆసామి నారాయణ పటేలు ముఖం మాత్రం మంగ్లీ మీద మూడు అద్దాలల్ల ఉండె.

మొదటిది అరవై తొమ్మిదిల పడ్డది. అప్పుడామె కొత్త కోడలు. తెలంగాణ కొట్లాట జోరు మీదున్నది, బస్సులు బందు, కాలేజీలు బందు. హైదరాబాదుల చదువుకునే పటేలు చిన్నకొడుకు కాలు లాఠీ దెబ్బకు విరిగితే, ఊర్లె ఉంచితే పోలీసులొస్తరని తెచ్చి తండాల దాచిండ్రు. నలభై రోజులు మంగ్లీ వానికి గటుక పోసింది, పసరు కట్టింది. పిలగాడు లేచి నడిచిననాడు పటేలు వచ్చి, "నీ రుణం ఉంచుకోను బిడ్డా, కుంట కింద అరెకరం నీ పేర రాస్త" అన్నడు. అన్నప్పుడు మనసుపెట్టే అన్నడు, కండ్లల్ల నీళ్ళు గూడ తిరిగినయి. పన్నెండేండ్లాయె, ఆయన అటెనుక ఎన్నడు ఏడువలే గాని మంగ్లీ అద్దంల మాత్రం ఆ కండ్లు ఇంకా తడిగనే ఉండె. రెండోది ఇస్తనని ఇయ్యని పల్లికాయ ఏరిన కూలి. మూడోది పటేలు బిడ్డ పెండ్లికి, పైసలు అటెనుక ఇస్తనని తోలుకపోయిన మేకపోతు.

ఎనభై ఒకటి ఎండాకాలంల మంగ్లీ ఇంటి ఎద్దు గొంతువాపు రోగం తగిలి సచ్చింది. ఆమె పెనిమిటి దేవ్యాకు ఉన్నది రెండెకరాలు, ఒక జత ఎడ్లు. పుట్టిన పిల్లలు ఇద్దరూ పురిట్లనే పోయిండ్రు, ఇంట్ల మిగిలింది ఇద్దరే. ఒంటెద్దుతోని నాగలి నడువది. మిరుగం కార్తెకు నెల రోజులున్నది, అప్పటికి దున్నకపోతే ఆ ఏడు గింజ లేదు.

పటేలు కబురు పంపిండు: "నా కొట్టంల ఎర్రెద్దు తోలుకపొమ్మనుండ్రి. పైసలక్కర లేదు. దేవ్యా ఒక్క ఏడాది నా కాడ జీతం ఉంటె సాలు."

జీతం అంటే నెల కాంగనే చేతుల పడేది అనుకునేరు. జీతం అంటే పొద్దు పొడువకముందే పేడ తీసుడు, పొద్దందాక నాగలి పట్టుడు, కొట్టంల గొడ్లతోనే పండుడు. దేవ్యా నాయిన గూడ ఒక్క ఏడాదికనే పోయిండు. జీతం చేరిన పందొమ్మిదో ఏట పాడె మీద ఇంటికొచ్చిండు.

"నేను బతికుండంగ నిన్ను గా కొట్టంల పండనియ్య" అన్నది మంగ్లీ.

"మరి ఎద్దెట్ల?"

"ఘనపూర్ల బ్యాంకు పెట్టిండ్రంట గదా. ఎడ్లకు లోను ఇస్తున్నరంట. పోయొస్త."

బ్యాంకు మేనేజరు విద్యాసాగర్ గుంటూరు దిక్కు నుంచి వచ్చినోడు. మంచోడే. కాయిదం ఎంతవరకు ఒప్పుకుంటె అంతవరకు మంచోడు. మంగ్లీని కుర్చీల కూసోమన్నడు, మంచినీళ్ళిప్పిచ్చిండు.

"ఇంతకుముందు ఎక్కడన్నా అప్పు తీసుకున్నావా అమ్మా?"

"లే సారూ. ఒక్క పైస లేదు." ఆ మాట ఆమె తలెత్తి చెప్పింది.

"తీసుకుని కట్టేసింది కూడా లేదా?"

"తీసుకుంటెనే గదా కట్టేది!"

విద్యాసాగర్ పెన్ను కింద పెట్టిండు. "మీ తండావాళ్ళని కాగితాలు అడగంలే. ఎవరి అద్దంలోనైనా నీ ముఖం చూపించు, అది చాలు, రాసేసుకుంటాను."

మంగ్లీకి నవ్వొచ్చింది. "నా ముఖమా? మాటిస్తే తెల్లారేదాక గూడ ఉంచుకోను సారూ నేను. పడుతది, పోతది. మీరు తండా అంత ఎతికినా దొరకది."

"అదేనమ్మా చిక్కు. అప్పంటే ఏంటో ఎరగని మనిషివి, నువ్వు ఎలా కడతావో మాకెలా తెలుస్తుంది? ముందు ఏదో ఒకటి ఉండాలి."

"బాకి లేదని బాకి ఇయ్యరా?"

"అంతే అనుకో."

ఇంటికొచ్చేటప్పుడు తొవ్వంత మంగ్లీ ఒక్కతే మాట్లాడుకుంట వచ్చింది. ఇదేం లెక్క? బాకి పడకుంట బతకాలెనని అత్త చెప్పె, అమ్మ చెప్పె, అట్లనే బతికె. ఇప్పుడేమో గదే తప్పాయె. థూ, ఏం చదువులు సదివిండ్రో ఏమో! అనుకున్నది గాని, ఇల్లు చేరేవరకు ఉపాయం గూడ చేసుకున్నది. సీదా తోటికోడలు లచ్చి గుడిసెకు పోయింది.

"అక్కా, ఒక బస్తా జొన్నలియ్యి. మళ్ళిస్త."

"నీ గుమ్మిల లేవానే?"

"ఉన్నయి. నాకు జొన్నలొద్దు, బాకి గావాలె."

లచ్చికి సంగతి చెప్తే పడి పడి నవ్వింది. బస్తా ఇచ్చింది. లచ్చి మెడ కింది అద్దంల మంగ్లీ ముఖం నిలబడ్డది. ఇద్దరు వంగి చూసిండ్రు. "అద్దంల గింత సక్కగుంటవానే నువ్వు" అన్నది లచ్చి. మంగ్లీకి ఆ ముఖం చూస్తే సిగ్గు అనిపించింది, తనది కాని బట్ట తొడుక్కున్నట్టు.

తెల్లారి ఇద్దరు కలిసి బ్యాంకుకు పోయిండ్రు. విద్యాసాగర్ కండ్లద్దాలు పెట్టుకొని దగ్గరికొచ్చి చూసిండు.

"ముఖం బానే పడింది. కానీ ఇది తీరని బాకీ కదమ్మా. బాకీ ఉన్నవాళ్ళకి ఇంకో బాకీ ఇవ్వకూడదు."

"గంతేనా? తీరుస్త" అన్నది మంగ్లీ. మళ్ళ తండాకు నడిచిండ్రు. బస్తా లచ్చి గుమ్మిల పోసింది, ముఖం పోయింది. మూడో రోజు మళ్ళ ఇద్దరు బ్యాంకుల నిలబడ్డరు.

"ఖాళీగా ఉందే?" అన్నడు విద్యాసాగర్.

"తీర్చింది గదా సారూ, గందుకే పోయింది" లచ్చి చెప్పింది.

"తీర్చినట్టు రుజువు?"

"పోయిందే రుజువు!"

"నిన్న ఉందని నాకు తెలుసు. రేపు జనగామ నుంచి పెద్దసారు వచ్చి చూస్తాడు. ఆయనకి ఖాళీ అద్దం కనపడుతుంది. ఖాళీ అద్దాన్ని పట్టుకుని లోను ఎలా ఇచ్చావని నన్నడుగుతాడు."

లచ్చి వాళ్ళ భాషల ఒక మాట తిట్టింది. ఏం తిట్టిందో విద్యాసాగర్‌కు తెల్వలే గాని, తిట్టిందని తెలిసింది. మెల్లగ అన్నడు: "ఒక దారి ఉందమ్మా. భూమున్న మనిషి ఎవరన్నా నీ తరపున జామీను సంతకం పెడితే, నీకు పాతది ఏదీ లేకపోయినా పర్లేదు."

ఆ దిక్కుల భూమున్న మనిషి అంటే ఇంకెవరు? నారాయణ పటేలే.

పటేలు అప్పుడు సర్పంచి ఎలక్షన్ల పరేషాన్ల ఉన్నడు. అరుగు మీద కుర్చేసుకొని, వచ్చినోళ్ళకు చాయ తాపుతున్నడు. మంగ్లీ చెప్పిందంత ఇన్నడు గాని ఆయన చూపు ఆమె రవిక మీదున్న తన మూడు ముఖాల మీదనే ఉన్నది.

"నన్ను మూడు జాగలల్ల ఏసుకొని ఊరంత తిరుగుతున్నవ్. ఓట్ల ముందట నన్ను నవ్వులపాలు చేస్తవా మంగ్లీ? నా ముఖం ఒక్కటి లేకుంట అన్ని కోసెయ్. నీకు సంతకం పెడుత, పో."

ఆ మాటతోనే కుడిచెయ్యి మీది అద్దంల ఇంకో పటేలు నిలబడ్డడు. నాలుగాయె.

అద్దం కోసుడు చిన్న పని కాదు. దారం తెగితే మాటిచ్చినోడు ఇడుపైపోతడు, ఇగ ఆ బాకి వానికి లేనట్టే. ఇడుపైపోవుడే కాదు, ఆ మాట వాని తలకాయలకెల్లి గూడ జారిపోతది. తండాల ఎవరన్న సచ్చిపోతే వాళ్ళ ముఖాలు కోస్తరు, నిమ్మళంగ పోవాలెనని. బతికున్నోళ్ళవి ఎవ్వరు కొయ్యరు.

"అరెకరం మంగ్లీ" అన్నడు దేవ్యా. "పన్నెండేండ్లు మోసినవ్."

"మోసి ఏం పండించినం? నువ్వు ఇంట్లుంటె గదే నాకు అరెకరం."

గడప మీద కూసొని కొడవలి మొనతోని మూడు అద్దాలు తనే కోసుకున్నది. అరెకరం పాయె, పల్లికాయ కూలి పాయె, మేకపోతు పాయె. అన్నిటికంటె పటేలు కండ్లల్ల నీళ్ళు పోయినందుకే ఆమె ఆ తెగిన అద్దాన్ని మళ్ళ మళ్ళ తిప్పి చూసింది. ఆయన ఒక్కనాడన్న మనిషి లెక్క ఉన్నడనటానికి ఈ లోకంల ఉన్న సాక్ష్యం గదొక్కటే.

మిరుగానికి ఒక దినం ముందు బ్యాంకుల కలిసిండ్రు. పటేలు చెప్పిన టైముకే వచ్చిండు. విద్యాసాగర్ కాయిదం ముందట పెట్టిండు, పెన్ను మూత తీసి ఇచ్చిండు. పటేలు పెన్ను పట్టుకున్నోడు పట్టుకున్నట్టే మంగ్లీ చెయ్యి దిక్కు చూసిండు.

"ఇంకొకటి ఉన్నదేందే?"

"గది మొన్నటిది పటేలా. నువ్వు సంతకం పెడితె గదే పోతది."

"ఒక్కటి లేకుంట అన్న. రేపు ఎవడన్న చూస్తె, నారాయణ పటేలు తండా ఆడిదానికి ఏం బాకి పడ్డడని అడుగడా? ముందు గది తియ్యి."

"గది తీస్తె నువ్వు..."

"కోసెయ్యమ్మా" విద్యాసాగర్ తన బల్ల మీది కత్తెర జరిపిండు. "ఆయన పెన్ను పట్టుకునే ఉన్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. ఎంతసేపు?"

మంగ్లీ పెన్ను దిక్కు చూసింది. పెన్ను మొనకు కాయిదానికి నడుమ బెత్తెడు దూరం లేదు. ఒక మనిషి బెత్తెడు దూరంల ఎంత మరుస్తడు? మేనేజరు సారు చదువుకున్నోడు, సాక్షి ఉన్నడు, మధ్యాహ్నం వెల్తురున్నది. ఇట్ల అనుకున్నది పిచ్చిది. కత్తెర తీసుకొని దారం తెంపింది. అద్దం బల్ల మీద పడి టక్కుమన్నది.

పటేలు చేతుల ఉన్న పెన్ను దిక్కు చూసుకున్నడు. మూత పెట్టిండు.

"ఇదేం కాయిదం సారూ? నన్నెందుకు పిలిపిచ్చిండ్రు?"

నారాయణ పటేలు పుట్టినకాన్నుంచి చానా అబద్ధాలాడిండు. ఆ దినం మాత్రం ఆడలే. ఆయన ముఖంల ఒక్క ఇకమతు లేదు.

"జామీను సంతకం పెడతానన్నారు కదండీ" అన్నడు విద్యాసాగర్.

"నేనా? ఎప్పుడన్న?" పటేలు నవ్విండు. "ఓ, దేవ్యా పెండ్లానివి గదా నువ్వు. ఎద్దు గావాల్నంటె బ్యాంకెందుకు? నా కొట్టంల ఎర్రెద్దున్నది. దేవ్యాను జీతం పెట్టుమన్న గదా!"

గది మాత్రం యాదికున్నది. గది ముఖాముఖి ఇచ్చిన మాట కాదు, పంపిన కబురు. కబుర్లు అద్దంల పడయి.

"సారూ, నువ్విన్నవ్ గదా! నీ ముందటనే గదా!" మంగ్లీ బల్ల గుద్దింది.

"విన్నాను" అన్నడు విద్యాసాగర్. ఆయన చెవులు ఎర్రగైనయి. "విన్నానని రాయడానికి ఈ ఫారంలో గడి లేదమ్మా."

మిరుగం పొద్దున దేవ్యా గొంగడి భుజానేసుకున్నడు. "ఒక్క ఏడాది. వచ్చే మిరుగానికి ఇంటికొస్త మంగ్లీ" అన్నడు. అనొద్దని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేలోపలనే అన్నడు. రొమ్ము మీది పెద్దద్దంల పడ్డడు.

మిరుగాలు నాలుగు వచ్చినయి, పోయినయి. ఎర్రెద్దు రెండేండ్లు దున్ని సచ్చింది. ఎద్దు ధర, దాని మీద మిత్తి, దేవ్యాకు జరమొచ్చి పండుకున్న దినాలు, అన్ని కలిపి పటేలు రెండు వేలు తేల్చిండు, అవి కట్టేదాక ఇంటికి పంపనన్నడు. ఆయన ఇప్పుడు సర్పంచి గూడ. హోళికి, తీజ్‌కు దేవ్యా తండాకు వచ్చి పోయేటోడు. రాంగనే పెండ్లాం అద్దంలకు వంగి చూసేటోడు.

"ఇంకా ఉన్ననా?"

"ఉన్నవ్."

"ఉంటె వస్త తియ్యి" అని నవ్వేటోడు. అద్దంల ఉన్నోడు నల్ల జుట్టోడు. వంగి చూసేటోని జుట్టు నెరిసింది.

ఎనభై అయిదుల విద్యాసాగర్ బదిలీ అయిండు, మనోరమ మేడమ్ వచ్చింది. హన్మకొండామె. గుడిసె గుడిసెకు తనే తిరిగి, ఆడోళ్ళకు జామీను లేకుంటనే లోను ఇస్తనని చెప్పింది. మంగ్లీ గుడిసె ముందట నులకమంచం మీద కూసొని, మంగ్లీ చెప్పిందంత మేడమ్ ఇన్నది. ఇని కండ్లు తుడుచుకున్నది. నకరాలు కాదు, నిజంగనే.

"రెండు వేలు నేనిస్త మంగ్లమ్మా. కాని నీ రొమ్ము మీద ఉన్నదెవరు?"

"మా ఇంటాయనే."

"మాట తప్పిండా?"

"తప్పలేదమ్మా, రానిస్తలేరు."

"అద్దానికి గది తెల్వదు గదా. చూసేటోళ్ళకు మీ ఇంట్ల నాలుగేండ్ల సంది తీరని మాట కనబడుతది. అప్పుడు నీకు రికార్డు లేకుండె. ఇప్పుడున్నది, గదీ ఖరాబుది. గా ఒక్కటి తీసేస్తె ఇయ్యాల్నే రాస్త."

మూడు దినాలు మంగ్లీ అన్నం సరిగ తినలే. లచ్చి వచ్చి మొత్తుకున్నది: "కొయ్యకే! కోస్తె వాడు ఇంటికి రావాలెనన్న సంగతే మరుస్తడు."

"మాట మరుస్తడు. నన్ను మరుస్తడా? పటేలు సంతకం మరిచిండు, నన్ను గుర్తువట్టలేదా? వాని మాటతోని నాకేం పని అక్కా. పైసలు కట్టి, రెక్క పట్టుకొని నేనే తీసుకొస్త."

మంగ్లీ కోసింది. ఆ అద్దం మాత్రం పారెయ్యలే, బియ్యం కుండల దాచింది. బ్యాంకుల ఏలుముద్ర ఏసి, రెండు వేలు కొంగున కట్టుకొని, ఘనపూర్ నుంచి సీదా పటేలు ఇంటికి నడిచింది. ఆ తొవ్వల ఆమె నడిచినట్టు పెండ్లినాడు గూడ నడువలే.

పటేలు పైసలు తీసుకున్నడు. "తీస్కపో, నేనేమన్న కట్టేసిన్నా?" అన్నడు.

దేవ్యా కొట్టంల చొప్ప నరుకుతున్నడు. ఆమెను చూసి నవ్విండు.

"మంగ్లీ! ఎప్పుడొచ్చినవ్? లచ్చి వదిన మంచిగున్నదా?"

ఆమె గుండె నిమ్మళమైంది. పేరు మరువలే, లచ్చిని మరువలే. "అందరు మంచిగున్నరు. బాకి తీరింది. లే, పోదాం."

"తీరిందా? మంచిగైంది" అని మళ్ళ చొప్ప నరుకుడు వెట్టిండు.

"లే మరి."

"ఏడికి?"

"ఇంటికి."

దేవ్యా కొడవలి ఆపి చుట్టు చూసిండు. గోడకు తన గొంగడి ఉన్నది, మూలకు తన తినే తలె ఉన్నది, నాలుగు బర్లు నెమరేస్తున్నయి. ఆయనకు ఆమె ఏమంటున్నదో సమజ్ కాలే.

"ఇంట్లనే ఉన్న గదనే" అన్నడు.

మంగ్లీ రెక్క పట్టి గుంజింది. బలిమి చెయ్యకుంటనే లేచి దర్వాజ దాక వచ్చిండు, చుట్టాన్ని సాగనంపేటట్టు. అక్కడ ఆగి, ఆమె చేతులకెల్లి తన చెయ్యి మెల్లగ తీసుకున్నడు. "పొద్దు పోతున్నది, బర్లకు కుడితి పెట్టాలె. నువ్వు పైలంగ పో" అన్నడు.

తెల్లారి మళ్ళ పోయింది, ఆ మర్నాడు పోయింది. బియ్యం కుండల అద్దం తీసి చూపిచ్చింది. దేవ్యా దాంట్లకు చూసి, గడ్డం పెరిగిందని గీరుకున్నడు. నెల గడిచినంక మంగ్లీ పోవుడు బందు పెట్టింది.

కిస్తులు మాత్రం ఒక్కటి తప్పలే. నాట్లకు పోయింది, రోడ్డు పనికి పోయింది, తట్టలు మోసింది. రెండేండ్లకు చివరి కిస్తు కట్టిననాడు మనోరమ మేడమ్ సంబురంగ రిజిస్టరు తిప్పి చూపిచ్చింది. మంగ్లీ పేరు మీద ఇరవై నాలుగు గళ్ళు, ఇరవై నాలుగు ఎర్ర ముద్రలు.

"ఈ బ్రాంచిల నీ అసొంటి రికార్డు ఇంకొక్కరికి లేదు మంగ్లమ్మా. ఇగ నీకు ఎవ్వరి జామీను అక్కర లేదు, ఏ అద్దం చూడ. ఎంత గావాలె చెప్పు, ఇప్పుడే రాస్త."

మంగ్లీ రిజిస్టరును మళ్ళ మేడమ్ దిక్కు తిప్పి జరిపింది.

"దేనికమ్మా?" అన్నది.